జేసీబీ రావడానికి ముందు ఒక్క వారం

పాత ఇంటి కలపతో సామాన్లు చేసుకోవడం గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ వర్క్‌షాపులోంచే మొదలుపెడతారు. ఏ రంపం కొనాలి, ఏ జిగురు వాడాలి, ఏ పాలిష్ వెయ్యాలి... ఇదే వరస. నా మటుకు నాకు అసలు సంగతి అక్కడ లేదనిపిస్తుంది. ఒక టేకు దూలం రేపు బల్ల అవుతుందా, ఇటుక బట్టీలో బూడిదవుతుందా అన్నది ఇల్లు పడగొట్టే రోజునే తేలిపోతుంది. ముందు జేసీబీ వస్తే ఒక కథ, ముందు వడ్రంగి వస్తే ఇంకో కథ. ఆ తరవాత మనం ఎంత ఖరీదైన మెషీన్లు కొనుక్కున్నా, ముక్కలైన కలపని అతికించలేం.

ముందుగా చెప్పాల్సింది, నాది కులవృత్తి కాదు. మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, జావాతో ఉద్యోగం. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటరు, శని ఆదివారాలు డాబా మీద రేకుల షెడ్డులో రంపం, ఉలి, చిత్రిక. నాలుగేళ్ళుగా నేను చేసిన వస్తువుల్లో (పని బల్ల, పుస్తకాల అర, రెండు స్టూళ్ళు, అమ్మకి కూరలు తరుక్కునే పీట) కొత్త కలప దాదాపు లేదు. అన్నీ ఎవరో ఒకరి ఇంటి గుమ్మాలు, కిటికీలు, దూలాలే.

ఇంతకీ మనం పడగొడుతున్నది ఏమిటి? ఊళ్ళల్లో బంగళా పెంకుటిళ్ళు, పట్నాల్లో దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కప్పు వేసిన పాత మిద్దెలు. వీటి గోడల్లో పెద్ద విలువ లేకపోవచ్చు. కానీ పైకి చూస్తే దూలాలు, వాసాలు, రీపర్లు. కిందకి చూస్తే ద్వారబంధాలు, కిటికీలు, గోడల్లో అలమారాలు. వీటిల్లో అన్నీ టేకే అనుకోకండి. మద్ది, వేగిస, వేప, తుమ్మ, తాటి... ఏ ఊళ్ళో ఏది దొరికితే అది వాడారు. గుమ్మాలకీ తలుపులకీ మాత్రం స్తోమత ఉన్నవాళ్ళు టేకు పెట్టారు.

ఒక్క గుమ్మంలో ఎంత కలప ఉంటుందో లెక్కేద్దాం. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ద్వారబంధం అనుకోండి. నిలువు కమ్మీలు రెండు, పైన ఒకటి, కింద గడప. మొత్తం 21 అడుగుల పొడవు. మందం 5 అంగుళాలు x 3 అంగుళాలు. అంటే సుమారు 2.2 ఘనపుటడుగులు. ఎండిన టేకు ఘనపుటడుగు 18 కిలోల చిల్లర ఉంటుంది కాబట్టి, గుమ్మం బరువు దాదాపు 40 కిలోలు. ఎండు కలపలో సగం బరువు కార్బనే. ఆ గుమ్మాన్ని పొయ్యిలో పెడితే 70 కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడు అవుతుంది. అడవిలో ఓ చెట్టు ఏళ్ళ తరబడి దాచుకున్నదాన్ని ఒక పూటలో గాల్లోకి వదిలేస్తామన్నమాట.

సరే, ఆ 2.2 లో మన చేతికొచ్చేదెంత? నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున రంగు, మురికి, పగుళ్ళు చిత్రిక పట్టేస్తే 5 x 3 కాస్తా నాలుగున్నర x రెండున్నర అవుతుంది. నాలుగో వంతు అక్కడే పోయింది. కొసల్లో పాత అతుకులు, మట్టిలో నానిన గడప అడుగు భాగం తీసేస్తే ఒకటిన్నర మిగలడం గొప్ప. "ఫ్రీగా వచ్చింది" అనేవాళ్ళు ఈ లెక్క చెప్పరు. ఒక గుమ్మం విప్పి, మేకులు పీకి, రంగు తీసి, సాపు చేసేసరికి నాకు ఒక వారాంతం పూర్తిగా పోతుంది.

మరి ఎందుకీ తంటా? "పాత చెక్క, అందుకే గట్టి" అని చాలామంది అంటారు. పాతబడినంత మాత్రాన ఏ చెక్కా గట్టిపడదు. అసలు కారణం చేవ. టేకుకి చెదల్నీ పుచ్చునీ తట్టుకునే గుణం మధ్యలో ఉండే చేవలోనే ఉంది. బెరడు వైపున్న తెల్ల భాగానికి ఆ రక్ష లేదు. బాగా ముదిరిన చెట్టు కోస్తే చేవ ఎక్కువ వస్తుంది, తోటల్లో పెంచి తొందరగా నరికిన చెట్టు కోస్తే తెల్లచెక్క ఎక్కువ వస్తుంది. పాత ఇళ్ళ గుమ్మాల్లో ఉన్నది చాలావరకు ముదురు చెట్ల చేవ. అలాంటి కలప ఇప్పుడు దొరకడం కష్టం. బర్మా టేకు పేరు మనకి బాగా తెలుసు కదా, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతే ఆపేసింది.

ఇంకో అపోహ, "పాత కలప ఇక కదలదు" అన్నది. కదులుతుంది. వానాకాలంలో వందేళ్ళ తలుపు కూడా బిగుసుకుంటుంది కదా! పచ్చి కలప ఆరేటప్పుడు వచ్చే పెద్ద వంకరలు మాత్రం పాతదాంట్లో ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అయినా లావుపాటి దూలాన్ని పలకలుగా కోస్తే లోపలి ఒత్తిడి విడిపోయి పలక కాస్త వంగచ్చు. కోశాక రెండు మూడు వారాలు మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా దొంతి పేర్చి, ఆ తరవాతే సైజుకి తెచ్చుకోవాలి.

ఇప్పుడు జేసీబీ సంగతి. కోనసీమలో మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టి పెదనాన్న డాబా కట్టించాలనుకున్నారు. కాంట్రాక్టరు బేరం చాలా తేలికగా ఉంది. "ఒక్క రోజులో నేల చదును చేసిస్తా. డబ్బులొద్దు. కలపా ఇనుమూ నావి." చాలా ఊళ్ళలో బేరం ఇలాగే ఉంటుంది. ఇంటాయనకి ఖర్చు తప్పుతుంది, కాంట్రాక్టరుకి సరుకు దక్కుతుంది. నష్టం కలపకే. మెషీను కొక్కెం వేసి లాగితే వాసాలు మధ్యకి విరుగుతాయి, గుమ్మాలు అతుకుల దగ్గర చీలతాయి. మిగిలింది కట్టెల లెక్కన తూకానికి పోతుంది.

నేనో వారం గడువడిగాను. "ఒరేయ్, ఆ పుచ్చు కర్రల కోసం వారం ఆగమంటావేంట్రా? శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించేశాను" అన్నారు పెదనాన్న. "ముహూర్తం ఇంకా ఇరవై రోజులుంది కదా పెదనాన్నా, కూలీ నేనిచ్చుకుంటాను" అన్నాను. కాంట్రాక్టరు మాత్రం మెలిక పెట్టాడు. కలప లేకపోతే డబ్బులివ్వాలన్నాడు. న్యాయమే, అతనికొచ్చే సరుకు పోతోంది మరి. చివరికి ఊళ్ళో ఆచారిగారు, ఇద్దరు మనుషులు, నేను కలిసి ఐదు రోజుల్లో విప్పేశాం. నాలుగు గుమ్మాలు, ఏడు కిటికీలు, రెండు టేకు దూలాలు నిక్షేపంగా వచ్చాయి. తాటి వాసాలు పక్కింటివాళ్ళ పశువుల పాకకి వెళ్ళాయి. పెంకులు ఇంకో ఇంటి వంటగది కప్పు మీదకి ఎక్కాయి. పుచ్చిపోయినవి నిజంగానే కట్టెలయ్యాయి. అదీ ఉండాలి, అన్నిటినీ బతికించలేం.

ఆచారిగారి పద్ధతి చూస్తుంటే నాకు మా ఆఫీసులో పాత కోడ్ గుర్తొచ్చింది :) కట్టిన వరసకి సరిగ్గా ఎదురు వరసలో విప్పాలి. ముందు పెంకులు, తరవాత రీపర్లు, తరవాత వాసాలు, ఆఖరికి దూలాలు. గుమ్మాన్ని గునపంతో పెకలించకూడదు. దాని చుట్టూ గోడని విడగొట్టి, గుమ్మాన్ని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే బయటికి తేవాలి. "గుమ్మాన్ని లాగకు బాబూ, గోడనే పక్కకి తప్పుకోమను" అన్నారాయన. మూలల్లో అతుకులకి కొట్టిన చెక్క చీలల్ని వెనక నుంచి చిన్న దెబ్బతో తోస్తే, అన్నేళ్ళ అతుకు చేతిలో ఊడొచ్చింది. విప్పిన ప్రతి ముక్క మీదా సుద్దతో నంబరు వేశాం. డాక్యుమెంటేషన్ లేకుండా పాత సిస్టమ్‌ని విప్పితే ఏమవుతుందో మా వృత్తివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని హైదరాబాదుకి తేవాలన్నా ఒక పద్ధతుంది. ఇంటి కలప మన సొంతమే అయినా, కలప రవాణాకి 1970 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలున్నాయి. లారీ ఎక్కించకముందే దగ్గర్లోని అటవీ రేంజి ఆఫీసులో అడిగి, కావలసిన కాయితాలు తీసుకోవడం మేలు. పడగొట్టకముందు ఇంటి ఫోటోలు, కలప బిగించి ఉన్నప్పటి ఫోటోలు తీసి పెట్టుకుంటే ఇది ఎక్కడిదో చెప్పడం తేలికవుతుంది.

వర్క్‌షాపులో పని సంగతి క్లుప్తంగా చెప్తాను. మొదటి పని ఇనుము వెతకడం. తల కనపడే మేకు శత్రువు కాదు, తల విరిగి లోపల ఉండిపోయినదే శత్రువు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం తాడుకి కట్టి చెక్క మీద నెమ్మదిగా నడిపిస్తే ఎక్కడ ఆగుతుందో అక్కడ మేకు ఉన్నట్టు. మద్ది, తుమ్మ లాంటివాటిలో మేకు చుట్టూ నల్లటి మరక కూడా పట్టిస్తుంది. మొన కనిపిస్తే అటు నుంచి వెనక్కి కొట్టి, తల పైకొచ్చాక పీకాలి. ఒక్క మేకు మిగిలినా తిరిగే రంపం బ్లేడు పళ్ళు పోతాయి. పళ్ళు పోతే పోయాయి, ఎగిరొచ్చే ముక్క కంటికి తగిలితే? అనుమానం ఉన్న చోట నేను చేతి రంపమే వాడతాను.

సన్నటి రంధ్రాలు కనపడితే కంగారు పడక్కర్లేదు. చెక్కని తెల్ల కాయితం మీద పెట్టి కొన్నాళ్ళు వదిలేయండి. కింద కొత్తగా పిండి రాలితే పురుగు బతికే ఉంది. అలాంటిదాన్ని మిగతా కలప పక్కన పెట్టద్దు. జిగురు విషయంలో, టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే అతికించాలి. టేకులో సిలికా కూడా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. పదునుకి కూడా పాత సామానే. ఎవరో వంటగది మార్చుకుంటూ పారేసిన నున్నటి గ్రానైటు ముక్క మీద ఎమెరీ కాయితం పరిచి రుద్దుతాను. నా పని బల్ల కాళ్ళు తాతగారి వంటింటి గుమ్మం, షెడ్డులో అర పాత కడప బండ.

ఇక, పాత కలప ప్రేమికులు అస్సలు మాట్లాడని విషయం. రంగు. పాత గుమ్మాల మీద పొరలు పొరలుగా ఆయిల్ పెయింటు ఉంటుంది. మనదేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన ఏ రంగులోనైనా సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా శాండింగ్ చేస్తే వచ్చే దుమ్ము పిల్లల మెదడుకి చేసే హాని మళ్ళీ బాగుచెయ్యలేనిది. మంటతో కాల్చి రంగు తీయడం ఇంకా ప్రమాదం, సీసం ఆవిరిగా పైకి లేస్తుంది. నేను చేసేది: తడిపి గీకడం, కింద పాలిథీన్ షీటు పరచడం, గీకిన పెంకులన్నీ మూటకట్టడం, మంచి మాస్కు, ఆ బట్టలు విడిగా ఉతకడం. మా అక్క పిల్లలు ఇంటికొచ్చిన రోజుల్లో రంగు పని బంద్. రంగు లేని చెక్క అయినా సరే, కలప దుమ్మే మంచిది కాదు. దాన్ని క్యాన్సరు కారకాల మొదటి జాబితాలో 1995లోనే చేర్చారు. రంగు వేసిన ముక్కల్ని నీళ్ళు కాచుకునే పొయ్యిలో పెట్టద్దని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.

రెండు వస్తువులు నేను షెడ్డులోకి రానివ్వను. ఒకటి, పాత రైల్వే స్లీపర్లు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ చాలావాటికి క్రియోసోట్ పట్టించి ఉంటుంది. అది ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు. రెండు, పాత సిమెంటు రేకులు. వాటిల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కొయ్యకూడదు, పగలగొట్టకూడదు.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ మాటలు.

"పాత కలప కొత్త ఇంట్లో పెట్టకూడదు, వాస్తు ఒప్పుకోదు." పెదనాన్నా ఇదే అన్నారు. నేను వాదించలేదు. సింహద్వారానికి వద్దంటే వద్దు. బల్లకీ బెంచీకీ పుస్తకాల అరకీ అడ్డు చెప్పినవాళ్ళు మాత్రం నాకింతవరకు కనపడలేదు :) ఇప్పుడాయన ఆ కిటికీ చెక్కతో చేసిన పడక్కుర్చీలోనే పేపరు చదువుతున్నారు.

"ఆ కూలీ డబ్బులతో ప్లైవుడ్ కొంటే ఇంకా తొందరగా అయిపోతుంది." నిజమే. నాలుగు నెలల్లో ఇల్లు మారేవాళ్ళకి నేనూ ప్లైవుడ్డే చెప్తాను. కానీ మామూలు ప్లైవుడ్ నాలుగు వానలకి పొరలు విడిపోతే మళ్ళీ ఏమీ చేసుకోలేం. గట్టి చెక్కతో అతుకులు పెట్టి చేసిన బల్లని ముప్పై ఏళ్ళ తరవాత ఎవరో విప్పి ఇంకోటి చేసుకోవచ్చు. అందుకే నేను నా బల్లకి మేకులు కొట్టలేదు, చెక్క చీలలే వేశాను.

"ఇదంతా డబ్బున్నోళ్ళ ఫ్యాషన్." ఈ మాటలో కొంత నిజముంది. నగిషీ చెక్కిన తలుపుని అడ్డంగా పడుకోబెట్టి, పైన అద్దం వేసి కాఫీ టేబుల్ అని అమ్మడం నాకూ నచ్చదు. తలుపు ఇంకా తలుపుగా పనికొస్తుంటే తలుపుగానే వాడాలి. తమిళనాడులో కారైకుడి పాత సామాను బజారులో చెట్టినాడు భవనాల స్తంభాలు, తలుపులు అమ్ముతారు. వాటిని కొని మళ్ళీ స్తంభంగా, మళ్ళీ తలుపుగా నిలబెట్టేవాళ్ళున్నారు. అది గౌరవం. నా వరస ఇది: ఉన్నది ఉన్నట్టు వాడగలిగితే మొదటి స్థానం, కుదించి అదే పనికి వాడితే రెండోది, ముక్కలు చేసి ఇంకో వస్తువు చేస్తే మూడోది, కట్టెలు ఆఖరిది.

ఈ విషయంలో జపాన్‌లో ఇసె ఆలయం వాళ్ళని చూసి నేర్చుకోవచ్చు. ఇరవై ఏళ్ళకోసారి అక్కడ గుడి మొత్తం కొత్తగా కడతారు. కిందటిసారి 2013లో కట్టారు. పాత ప్రధాన మందిరాల కప్పుని మోసిన పెద్ద స్తంభాలు ఉజి వంతెనకి రెండు చివర్లా తోరణాలుగా నిలబడతాయి. అక్కడ ఇరవై ఏళ్ళయ్యాక ఇంకో ఊరికి తోరణాలై వెళ్తాయి. పడగొట్టే రోజుకే ఏ చెక్క ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. మనకి లేనిది ఆ ముందుచూపే, కలప కాదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదా అంటే, చేస్తోంది. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనలు, రోజుకి 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇటుకా సున్నం, ఇనుమూ కలపా ప్లాస్టిక్కూ అని నాలుగు రకాలుగా విడదీసి పెట్టమన్నాయి. హైదరాబాదులో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాల్ని పిండిచేసి ఇసుక, కంకర తీసే ప్లాంట్లు పెట్టారు. చాలా మంచి పని. కానీ కాంక్రీటుని పిండి చేస్తే కంకరైనా వస్తుంది. కలపని పిండి చేస్తే పొట్టు వస్తుంది. పైగా ఊళ్ళో ఒక్క పెంకుటిల్లు పడగొట్టేవాణ్ణి ఎవరు అడుగుతారు? ఆ పని ఇంటివాళ్ళే చెయ్యాలి.

కాబట్టి పాత ఇల్లు పడగొట్టబోతున్నవాళ్ళకి నేను చెప్పేది మూడే ముక్కలు. ఒకటి, కాంట్రాక్టరుతో బేరం చేసేటప్పుడు కలపని వేరే లెక్కగా రాయించండి, "అన్నీ కలిపి" అనద్దు. రెండు, మెషీను రావడానికి ముందు ఒక వడ్రంగిని తీసుకెళ్ళి ఇల్లంతా చూపించండి. ఏది టేకు, ఏది పుచ్చు అన్నది ఆయన గంటలో చెప్పేస్తారు. మూడు, వారం రోజులు ఆగండి. మీకు కలప అక్కర్లేకపోతే, వద్దని చెప్పేముందు మీ చుట్టాల్లో, స్నేహితుల్లో నాలాంటి పిచ్చివాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. తప్పకుండా ఒకడుంటాడు.

వర్క్‌షాపు లేదనీ బెంగ పెట్టుకోకండి. ఒక రంపం, రెండు ఉలులు, చిత్రిక, మూలమట్టం ఉంటే చాలు. రాణీగంజ్‌లో ఒక పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి. చెక్కని పొడిగా, నేలకి తగలకుండా పేర్చిపెడితే మీకు తీరిక దొరికేదాకా ఆగుతుంది. జేసీబీయే ఆగదు.